కోర్సు అవుట్‌కమ్‌ను సిలబస్ నుంచి కాదు, జవాబు పత్రం నుంచి రాయడం

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఇంజినీరింగ్ కళాశాలలో మీకిది రెండో ఏడాది. భారం పడినప్పుడు దూలాల వంటివి ఎలా తట్టుకుంటాయో చెప్పే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ సబ్జెక్టు కొత్తగా మీ చేతికి వచ్చింది. పాత కోర్సు ఫైలులో అయిదు యూనిట్లకు అయిదు కోర్సు అవుట్‌కమ్‌లు (సీఓలు), అంటే కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో చెప్పే వాక్యాలు, ఉన్నాయి. అన్నీ ‘అండర్‌స్టాండ్’ అనే క్రియతోనే మొదలవుతున్నాయి, అవి డిగ్రీ మొత్తం లక్ష్యాలకు ఎంత తోడ్పడతాయో 1 నుంచి 3 వరకు అంకెలతో చూపే మ్యాపింగ్ పట్టికలో దాదాపు ప్రతి గడిలోనూ 3 వేసి ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీలకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) కమిటీ వచ్చేలోపు వీటిని సరిచేసి, విద్యార్థులు వీటిని ఎంతవరకు సాధించారో చూపే అటైన్‌మెంట్ లెక్క ఇవ్వమని మీకు చెప్పారు. ఈ పని వల్ల విద్యార్థికి ఏమైనా ఒరుగుతుందా, ఒరగాలంటే దాన్ని ఎలా చేయాలి అని మీరు అడుగుతున్నారు.

ఒరుగుతుంది, కానీ ఒక షరతు మీద. అవుట్‌కమ్‌ను సిలబస్ చూసి రాస్తే అది ఫైలులోనే ఉండిపోతుంది. విద్యార్థి రాసిన ఎలాంటి జవాబు చూస్తే ‘ఈ అబ్బాయికి ఇది వచ్చింది’ అని మీరు ధైర్యంగా సంతకం పెట్టగలరో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి నడిచి రాస్తే మాత్రం అది మీ బోధనను మారుస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ సబ్జెక్టు చెబుతూ, అందులో చాలా ఏళ్లు విభాగంలో ఈ పట్టికల బాధ్యత మోసిన తర్వాత నాలో స్థిరపడిన అభిప్రాయం ఇది.

ఈ పద్ధతి మన దగ్గరికి ఎలా వచ్చిందో తెలిస్తే దాని మీద అనవసరమైన విసుగు కొంత తగ్గుతుంది. దేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ 1994లో ఏర్పాటు చేసిన ఎన్‌బీఏ, 2010లో స్వతంత్ర సంస్థ అయింది. ఒక దేశంలో గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ డిగ్రీని మరో దేశం సమానంగా చూడడానికి 1989లో మొదలైన వాషింగ్టన్ అకార్డ్‌లో భారతదేశం 2007లో తాత్కాలిక సభ్యత్వం, 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం పొందింది. గదుల కొలతలు, గ్రంథాలయంలో పుస్తకాలు, అధ్యాపకుల సంఖ్య మాత్రమే చూసి సరిపెట్టకుండా, పట్టా తీసుకున్న మనిషి ఏమి చేయగలడో చూపించమని ఆ ఒప్పందం అడుగుతుంది. ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లు (పీఓలు), అంటే డిగ్రీ పూర్తయ్యేసరికి ఉండవలసిన సామర్థ్యాలు, అందుకోసమే వచ్చాయి. చాలా ఏళ్లు అవి 12, ఇటీవలి సవరణలో 11 అయ్యాయి. దేశమంతటికీ అవి ఒకటే కాబట్టి మీరు వాటిని మార్చలేరు. విభాగం తన బ్రాంచికి ప్రత్యేకంగా రాసుకునే పీఎస్‌ఓలలో (ప్రోగ్రామ్ స్పెసిఫిక్ అవుట్‌కమ్‌లలో) మీ మాట ఒక వంతు చెల్లుతుంది. కోర్సు అవుట్‌కమ్ ఒక్కటే నేరుగా మీ చేతిలో ఉన్నది. అఫిలియేటెడ్ కళాశాలలో అవి విశ్వవిద్యాలయం సిలబస్‌లోనే అచ్చయి వచ్చినా, వాటి అర్థాన్ని మీ ప్రశ్నపత్రంలో నిర్ణయించేది మీరే.

ఇక అసలు విషయానికి వస్తాను. కొన్నేళ్ల క్రితం రెండో సంవత్సరం సివిల్ విద్యార్థులకు, ఒక కొస గోడలో బిగించి రెండో కొస గాలిలో ఉండే కాంటిలీవర్ దూలం మీద సమానంగా పరచుకున్న భారం ఇచ్చి, షియర్ ఫోర్స్ (దూలాన్ని అడ్డంగా కోసే బలం), బెండింగ్ మూమెంట్ (దాన్ని వంచే ప్రభావం) డయాగ్రమ్‌లు గీయమని సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలో అడిగాను. తరగతిలో ఎక్కువ మంది చక్కగా గీశారు. గోడ దగ్గర మూమెంట్ గరిష్ఠమని, దాని విలువ డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై టూ (డబ్ల్యూ అంటే యూనిట్ పొడవుకు భారం, ఎల్ అంటే పొడవు) అని, చివర సున్నా అని తప్పు లేకుండా రాశారు. ఆ ప్రశ్నకే ఆఖర్లో రెండు మార్కులకు ఒక చిన్న భాగం కలిపాను: ‘ఇదే దూలం మీ ఇంటి కిటికీ మీద సజ్జ అయితే, ప్రధాన కడ్డీలు పైభాగంలో వేయాలా, కింది భాగంలో వేయాలా? ఎందుకు?’ సగం మందికి పైగా కింద వేయాలన్నారు. వాళ్లు గీసిన డయాగ్రమ్ ఆ పేజీలోనే, ఆ జవాబుకు నాలుగు వేళ్ల ఎడంలో ఉంది; దూలం ఏ వైపు వంగుతుందో, ఏ వైపు సాగుతుందో అదే చెబుతోంది. సజ్జలో కడ్డీలు కిందికి జారితే సెంట్రింగ్ విప్పిన రోజే అది గోడ దగ్గర విరిగి పడవచ్చు, దాని కింద మనుషులు ఉండవచ్చు. డయాగ్రమ్ గీయడం వచ్చి, దాన్ని చదవడం రాని విద్యార్థికి నేను అంతవరకు నిండుగా మార్కులు వేస్తూ వచ్చానని ఆ సాయంత్రం పేపర్లు దిద్దుతూ తెలుసుకున్నాను.

అప్పటికి నా కోర్సు ఫైలులో ఉన్న అవుట్‌కమ్ ‘దూలాలలో షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ భావనలను అర్థం చేసుకుంటారు’ అనేది. ఆ వాక్యంలో తప్పు లేదు, కానీ డయాగ్రమ్ మాత్రం గీసినవాడూ, గీసి చదివినవాడూ దాని దృష్టిలో ఒకటే. ఆ సెలవుల్లో దాన్ని ఇలా మార్చాను: ‘భారాలు, ఆధారాలు ఇచ్చిన సాధారణ దూలానికి, కాంటిలీవర్‌కు, ఓవర్‌హ్యాంగింగ్ దూలానికి షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లు గీసి, వాటి ఆధారంగా దూలంలో ఏ భాగం పైన, ఏ భాగం కింద లాగుడుకు లోనవుతుందో గుర్తించి కారణం చెప్పగలరు.’ ఇది పొడవైన వాక్యమే; ఇందులో ఓవర్‌హ్యాంగింగ్ దూలమంటే కొస ఆధారం దాటి బయటికి చాచి ఉన్నది. సీఓ చిన్నదిగా ఉండాలని మీకు ఎవరైనా చెబితే, చిన్నదిగా కంటే స్పష్టంగా ఉండడం ముఖ్యమని మర్యాదగా చెప్పండి. ఈ వాక్యం చదివిన మరో అధ్యాపకుడు నన్ను అడగకుండానే దీనికి ప్రశ్న తయారు చేయగలడు, నా విద్యార్థుల పేపర్లు దిద్దగలడు. అవుట్‌కమ్ సరిగా ఉందో లేదో చూడడానికి నేను వాడే పరీక్ష అదొక్కటే.

క్రియల గురించి మీకు కచ్చితంగా ఒక జాబితా ఇచ్చి ఉంటారు. నేర్చుకోవడంలోని స్థాయుల మీద బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన వర్గీకరణను ఆండర్సన్, క్రాత్‌వోల్ 2001లో సవరించారు. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం అనే ఆరు మెట్లు ఆ సవరించిన రూపంలోవి; మన ప్రశ్నపత్రాల పక్కన ఎల్1, ఎల్2 అని వేస్తున్నది వీటినే. జాబితా ఉపయోగకరమే గానీ, క్రియ మార్చినంత మాత్రాన మెట్టు మారదు. బోర్డు మీద మీరు చేసి చూపిన లెక్కనే అంకెలు మార్చి, ‘విశ్లేషించండి’ అని పరీక్షలో అడిగితే అది విద్యార్థి జ్ఞాపకానికి పెట్టిన పరీక్షే అవుతుంది. అదే విద్యార్థికి ఒక పూర్తయిన డయాగ్రమ్ ఇచ్చి, దాన్ని బట్టి దూలం మీద ఏ భారాలు ఉన్నాయో చెప్పమంటే, మీరు ఏ క్రియ వాడినా అతడు ఆలోచించక తప్పదు. మెట్టు ఎంతన్నది విద్యార్థి ఇంతకుముందు ఏమి చూశాడన్న దాని మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ సంగతి తరగతిలో ఉన్న మీకే తెలుస్తుంది, జాబితాకు తెలియదు.

అయిదు యూనిట్లకు అయిదు సీఓలన్న అలవాటు కూడా వదులుకోవచ్చు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో బెండింగ్ మూమెంట్, బెండింగ్ స్ట్రెస్ (వంగినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి), డిఫ్లెక్షన్ (ఎంత వంగిందన్న కొలత) వేర్వేరు యూనిట్లలో ఉంటాయి. కానీ ఒక దూలం నిలుస్తుందా, ఎంత వంగుతుంది అని తేల్చేవాడికి అవి మూడూ ఒకే పని. యూనిట్ల సరిహద్దులు బోధన సౌకర్యం కోసం గీసినవి. నాలుగు నుంచి ఆరు వరకు అవుట్‌కమ్‌లు చాలు. పది రాసుకుంటే మీరే కొలవలేరు.

అటైన్‌మెంట్ లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి అవుట్‌కమ్ కూడా చెడ్డ లెక్కలో కరిగిపోతుంది. ఎక్కువ కళాశాలల్లో నడిచే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: ఒక ప్రశ్నకు 60 శాతం మార్కులు లక్ష్యంగా పెట్టుకుని, తరగతిలో 60 శాతం మంది దాన్ని చేరితే స్థాయి 1, 70 శాతం చేరితే 2, 80 శాతం చేరితే 3 అని వేస్తారు. పైన చెప్పిన సజ్జ ప్రశ్ననే ఉదాహరణగా 10 మార్కులకు తీసుకుందాం; డయాగ్రమ్‌కు 8, కడ్డీల భాగానికి 2. 60 మంది ఉన్న తరగతిలో 51 మంది డయాగ్రమ్‌కు 6 గానీ అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకున్నారనుకోండి. మొత్తం ప్రశ్నను ఒకటిగా చూస్తే ఆ 51 మందీ లక్ష్యం చేరినట్టే, అంటే 85 శాతం, స్థాయి 3. కడ్డీల భాగాన్ని విడిగా చూస్తే 18 మందే సరిగా రాశారనుకోండి, అది 30 శాతం, స్థాయి 1 కూడా రాదు. రెండు లెక్కలూ ఒకే పేపర్ల నుంచి వచ్చాయి. మొదటిది చూస్తే మీరు మార్చవలసింది ఏమీ లేదు, రెండోది చూస్తే రేపటి తరగతి మారాలి. అందువల్ల మార్కుల షీటులో 2ఎ, 2బి, 2సి అని ప్రతి చిన్న భాగానికీ ఒక నిలువు వరుస పెట్టండి. ఇది ఓపిక పరీక్షించే పని. అయినా ఒక మిడ్‌కు ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

ఛాయిస్ ఇంకో ఉచ్చు. ‘మూడో ప్రశ్న లేదా నాలుగో ప్రశ్న’ అని ఇచ్చినప్పుడు రెండూ వేర్వేరు సీఓలకు చెందినవైతే, కష్టమైనదాన్ని 20 మందే రాస్తారు. వాళ్లలో 16 మంది లక్ష్యం దాటితే, రాసినవాళ్లలో 80 శాతం అని లెక్క కట్టి స్థాయి 3 వేసేస్తారు. మిగిలిన 40 మంది ఆ అవుట్‌కమ్ జోలికే పోలేదన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. ఛాయిస్ తప్పనిసరైతే రెండు ప్రశ్నలూ ఒకే అవుట్‌కమ్‌కు, ఒకే మెట్టుకు చెందేలా చూడండి.

విశ్వవిద్యాలయ పరీక్షది వేరే సమస్య. అఫిలియేటెడ్ కళాశాలకు ప్రశ్నవారీ మార్కులు రావు, మొత్తం మార్కులే వస్తాయి. దాంతో ఆ మొత్తాన్నే ప్రతి సీఓకూ సమానంగా పంచుతాం. ఇంటర్నల్‌కు (కళాశాల పెట్టే మిడ్‌లకు) 30, ఎక్స్‌టర్నల్‌కు (విశ్వవిద్యాలయ పరీక్షకు) 70 చొప్పున తూకం అనుకోండి. మిడ్‌లలో మొదటి సీఓకు 3, నాలుగో సీఓకు 1 వచ్చింది, ఎక్స్‌టర్నల్‌లో అన్నిటికీ 2. అప్పుడు మొదటిది 2.3, నాలుగోది 1.7 అవుతాయి. రెండు స్థాయుల తేడా 0.6కు కుంచించుకుపోయింది. నివేదికలో కలిపిన అంకె ఇవ్వవలసిందే, ఇవ్వండి. కానీ వచ్చే సెమిస్టర్‌లో ఏమి మార్చాలన్న నిర్ణయం మాత్రం ఇంటర్నల్ ప్రశ్నవారీ లెక్క నుంచే తీసుకోండి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే ఆటానమస్ కళాశాలలో ఈ ఇబ్బంది ఉండదు, ఎండ్ సెమ్ పేపర్లూ మీ దగ్గరే ఉంటాయి. ఆ సౌకర్యాన్ని వాడుకోకపోవడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. కోర్సు చివర విద్యార్థులతో నింపించే సర్వేకు నేను పెద్ద విలువ ఇవ్వను. దానికి బదులు ‘ఏ పాఠం ఇంకా అయోమయంగా ఉంది?’ అని ఒక్క ప్రశ్న అడిగి, పేర్లు లేని చీటీలు తీసుకుంటే ఎక్కువ తెలుస్తుంది.

మన ప్రాంతంలో పనిచేసేవాళ్లకు మాత్రమే అర్థమయ్యే ఒక విషయం ఇక్కడ చెప్పాలి. సజ్జ ప్రశ్నకు కాగితం మీద దాదాపు ఏమీ రాయని ఒక అమ్మాయిని తర్వాత ల్యాబ్ వైవాలో అదే అడిగాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల. అరచేతిని బల్ల అంచు బయటికి చాచి, వేళ్ల కొసలను రెండో చేత్తో కిందికి నొక్కి, ‘పైన చర్మం లాగుతోంది సార్, కింద ముడతలు పడుతోంది, అందుకని కడ్డీలు పైనే వేయాలి’ అంది. టెన్షన్ (లాగుడు), కంప్రెషన్ (నొక్కుడు) అన్న మాటలు రెండూ వాడకుండా ఆ అవుట్‌కమ్‌ను సంపూర్ణంగా సాధించింది. నా కొలత ఆమె ఇంగ్లిష్‌ను కొలిచి, దానికి మెకానిక్స్ అని పేరు పెట్టింది. ఇంజినీరుకు ఇంగ్లిష్ రాత అవసరం లేదని నేను అనడం లేదు. కమ్యూనికేషన్ అనేది ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లలో విడిగా ఉన్నదే, దాన్ని విడిగా నేర్పి, విడిగా కొలవాలి. మీ అవుట్‌కమ్ కారణం చెప్పగలగడమైతే, బొమ్మ గీసి బాణాలు వేసిన జవాబుకూ, వైవాలో తెలుగులో చెప్పిన జవాబుకూ చోటు ఉండాలి. అప్పటి నుంచి నా ప్రశ్నల్లో ‘బొమ్మ ద్వారా చూపినా చాలు’ అన్న వాక్యం ఉంటుంది.

మ్యాపింగ్ పట్టికలోని 3ల సంగతి. సీఓ ఒక పీఓకు కొంచెం తోడ్పడితే 1, ఓ మోస్తరుగా అయితే 2, బలంగా అయితే 3. ఎక్కువ గడులు నింపితే కోర్సు గొప్పగా కనిపిస్తుందన్న భ్రమ చాలా చోట్ల ఉంది. నేను పాటించే నియమం ఏమిటంటే, ఒక గడిలో అంకె వేస్తే దానికి సాక్ష్యంగా ఒక ప్రశ్న గానీ, అసైన్‌మెంట్ గానీ, ల్యాబ్ పని గానీ వెంటనే తీసి చూపగలగాలి. చూపలేకపోతే గడి ఖాళీగా ఉంటుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ రాత పరీక్షతో మొదటి రెండు పీఓలను, అంటే ఇంజినీరింగ్ పరిజ్ఞానాన్నీ సమస్య విశ్లేషణనూ చూపగలం. నీతి, పర్యావరణం, బృందంతో కలిసి పనిచేయడం చూపలేం. ఏఐసీటీఈ 2018లో ప్రకటించిన పరీక్షా సంస్కరణల పత్రం ప్రతి పీఓనూ కొన్ని సామర్థ్యాలుగా, ఒక్కో సామర్థ్యాన్ని కంటికి కనిపించే సూచికలుగా విడదీసింది. మ్యాపింగ్‌కు కూర్చునే ముందు దాన్ని పక్కన పెట్టుకోండి. ‘పీఓ 2కు నా కోర్సు తోడ్పడుతుందా?’ అన్న ప్రశ్న కంటే ‘ఈ సూచికకు నా దగ్గర ప్రశ్న ఉందా?’ అన్నది తేలికగా తెగుతుంది.

బృంద పని వంటి వాటిని సర్వేయింగ్ ప్రాక్టికల్‌లోనో, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులోనో కొలవాలి, అక్కడ రూబ్రిక్, అంటే ఎలాంటి పనికి ఏ స్థాయో చెప్పే పట్టిక, కావాలి. ‘బాగుంది, చాలా బాగుంది, అద్భుతం’ అని మూడు గడులు పెడితే అది రూబ్రిక్ కాదు. దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ పరికరం దగ్గర ఒక్కడే నిలబడి మిగతా ముగ్గురూ చెట్టు నీడన ఉంటే కింది స్థాయి. పనులు పంచుకున్నారు గానీ ఒకరి పని ఇంకొకరికి తెలియకపోతే మధ్య స్థాయి. రీడింగ్ తీసినవాణ్ని కాకుండా కొలిచే చోట ప్రిజం పట్టుకుని నిలబడినవాణ్ని అడిగినా లెక్కలో తేడా ఎక్కడొచ్చిందో చెప్పగలిగితే పై స్థాయి. ఇలా చూసింది చూసినట్టు రాయాలి. రాశాక ఇద్దరు అధ్యాపకులు అదే ఎనిమిది, పది రికార్డులను విడివిడిగా దిద్ది పోల్చుకోండి. ఎక్కడ ఇద్దరి మార్కులూ బాగా తేడా పడ్డాయో అక్కడ రూబ్రిక్ వాక్యం అస్పష్టంగా ఉన్నట్టు.

చివరగా, మీరు బయటికి అడగని ప్రశ్న ఒకటుంది: అంకె తక్కువ వస్తే ఏం చేయాలి? నేను మొదట్లో పనిచేసిన ఒక కళాశాలలో అటైన్‌మెంట్ ముందే నిర్ణయమై, మార్కులు దానికి తగ్గట్టు వెనక నుంచి నిండేవి. నేనూ ఒక సెమిస్టర్ అలా సంతకం పెట్టాను, ఆ సంతకం గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను. తక్కువ అంకె నేరం కాదు. కమిటీ నమూనాలోనే లక్ష్యం, సాధించినది, గమనించినది, తీసుకున్న చర్య అని వేర్వేరుగా అడుగుతారు. అన్నీ లక్ష్యం దాటి ఉంటే ఆ చివరి గడిలో రాయడానికి ఏమీ మిగలదు, అనుభవం ఉన్న సభ్యుడు మొదట అనుమానించేదీ అలాంటి పట్టికనే. చర్య గడిలో ‘అదనపు తరగతులు నిర్వహించడం జరిగింది’ అని రాయకండి. నేను రాసింది ఇది: వాహనాలు కడిగే పొడవాటి స్పాంజి ముక్క మీద స్కెచ్ పెన్‌తో నిలువు గీతలు గీసి, ఒక కొసను బల్లకు అదిమి, రెండో కొసను వదిలేసి తరగతికి చూపించడం, గీతలు పైన ఎడం కావడం, కింద దగ్గర కావడం విద్యార్థులే కొలిచి డయాగ్రమ్ పక్కన రాయడం, రెండో మిడ్‌లో సజ్జకు బదులు ఓవర్‌హ్యాంగింగ్ దూలం ఇచ్చి అదే అడగడం. సజ్జనే మళ్లీ అడిగి ఉంటే ‘పైన’ అన్న మాట బట్టీ పట్టినవాళ్లకూ మార్కులు పడేవి. ఓవర్‌హ్యాంగింగ్ దూలంలో మూమెంట్ గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు మారే చోటు నుంచి లాగుడు కింది నుంచి పైకి మారుతుంది కాబట్టి, డయాగ్రమ్ చదవనిదే జవాబు రాదు. ఈసారి తరగతిలో ఎక్కువ మంది ఆ చోటును గుర్తించి కడ్డీలు అక్కడ మార్చి గీశారు, ఆ రెండు బొమ్మలూ ఫైలులో పక్కపక్కన పెట్టాను.

మీకున్న సమయంలో అయిదు సీఓలనూ ఒకేసారి తిరగరాయాలని చూడకండి. గత మిడ్ పేపర్లలో బాగా రాసినవాడిది, మధ్యస్థంగా రాసినవాడిది, తక్కువ వచ్చినవాడిది మూడు తీసి, ఒకే ప్రశ్నకు ముగ్గురూ రాసిన జవాబులను పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటివాడు చేయగలిగి రెండోవాడు చేయలేనిది ఏమిటో ఒక వాక్యంలో రాయండి. మీ మొదటి అవుట్‌కమ్‌కు ఆ వాక్యమే ముసాయిదా. దానికి ఒక కొత్త ప్రశ్న తయారు చేసి, వచ్చే మిడ్‌లో విడి భాగంగా, ఛాయిస్ లేకుండా పెట్టండి.